బొమ్మల వరస

ఆదివారం పొద్దున, తాను సరదాగా కూడబెడుతున్న రోబో బొమ్మల అల్మారా ముందు కోడలు మొహం ముడుచుకుని నిలబడింది.

“అత్తమ్మా, బొమ్మల వరుస ఎందుకు మార్చిండ్రు? కొన్న వరుసల ఉంటేనే ఏది ఉన్నదో, ఏది లేదో నాకు ఎరుకైతది.”

“దుమ్ము దులిపిన. వరస చూసే పెట్టిన.”

“ఏం వరస?”

“గా ఎర్రది ఘన్‌పూర్ల నా ఆడబిడ్డ. నడుం మీది చెయ్యి దియ్యదు చూడు. గీ లావుది మానుకోట బావ. ఇద్దరికి పడదు, అందుకే దూరం పెట్టిన.”

కోడలికి నవ్వొచ్చి కోపం నిలవలేదు.

“మరి గీ నీలంవి రెండు?”

“యారాండ్లు, ఒక్కింటి కోడండ్లు. ఒక్క తీరు చీరలు కట్టిండ్రు.”

“కాదత్తమ్మా, మరిచిపోయి ఉన్నదే మళ్ళ కొన్న. మీ కొడుక్కు తెలిస్తే ఇగ కొనుడే బందంటడు. ఒకటి వాపస్ పంపుత.”

అత్త మధ్యాహ్నం కొడుకు కంచంలో పప్పు వడ్డిస్తూ చెప్పింది.

“కొడుకా, రేపు ఇంకో అల్మారా తేవాలె. కొత్త బొమ్మ కొనే ముందు నీ పెండ్లాం నన్ను అడుగుతది. ఇంట్ల ఎవరెవరున్నరో నాకు ఎరుకే. ఉన్నోళ్ళల్ల మాత్రం ఒక్కరు గూడ బయటికి పోయేది లేదు.”