ఒక్క బండిలో ఇద్దరు

తొంభై ఎనిమిది జనవరి. గ్వాలియర్ దగ్గరి ధాబా నుంచి ఫోను చేసినవాడు లారీ డ్రైవర్ ఎల్లారావు. ఇక్కడ యారాడలో, దాలయ్య కొట్టు దగ్గర రిసీవర్ లాక్కున్నది అతని పెళ్ళాం గౌరీశ్వరి. పొద్దున్నే ఆమెకు సంగతి తెలిసింది. అప్పట్నుంచీ ఒళ్ళు మండిపోతోంది.

"అదంతా కాదు మావా, నా తమ్ముడు నీ బండిలో ఉన్నాడా, నేడా? అది సెప్పు."

"ఎవుడు, తాతబాబా?"

"నాకెంతమంది తమ్ముళ్ళు? ఒక్కడే కదా మిగిలేడు!"

"ఇక్కడ మంచు గౌరీ, ఏటి మంచనుకున్నావ్. బండి ముందు ఏటున్నాదో..."

"మంచు సంగతి నానడిగేనా? ఉన్నాడా, నేడా?"

"ఉన్నాడులే."

"ఓలమ్మో! కాకినాడలో బోటు పనని నాకు సెప్పి ఎల్లేడు. ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట! ఆడి పెళ్ళాం ధనశ్రీ నోరు జారింది కాబట్టి తెలిసింది, నేకపోతే..."

"అరవకే. కొట్టుకాడ జనం ఉంటారు."

"ఉండనీ, ఇననీ! ఒకింటి మగోళ్ళు ఇద్దరు ఒక్క తెప్ప ఎక్కకూడదని నీకు తెల్దా? మా నాయనా, మా అన్నా ఎక్కేరు. తుపానుకి ఇద్దరూ పోనారు. ఒకడైనా ఒడ్డునుంటే మాయమ్మకి ఒక దిక్కుండేది."

"తెలుసే. కానీ ఇది లారీ. తెప్ప కాదు."

"సముద్రమైతేనేటి, రోడ్డైతేనేటి? ఆ మంచులో, అంత ఉక్కు ఎనకాలెట్టుకుని, లూధియానా దాకానా!"

"నాను మీ ఇంటోణ్ణి కాదు కదే. అల్లుణ్ణి."

"సిగ్గునేదా ఆ మాటనడానికి? ఇద్దరూ పోతే ఇద్దరికీ ఏడిసేది నానే కదా! మరి ఒకిల్లు కాదా? ఇనపడతందా?"

"ఇనపడతంది."

"ఇనపడితే ఆణ్ణి దింపెయ్. రైలెక్కించు."

"లూధియానాలో లోడు దింపేసి..."

"లోడుతో నాకేటి పని? ఈ పొద్దే దింపు! అయినా నీ క్లీనరు దొరబాబునెందుకు మానిపించేవ్? పోర్టులో టిప్పరు తోలుకుని సుకంగా ఉన్న నా తమ్ముణ్ణెందుకు లాక్కెల్లేవ్?"

"దొరబాబుకి జొరం."

"అబద్దం! నిన్న రేవులో కనపడ్డాడు, గుండ్రాయిలాగున్నాడు."

"తగ్గుంటాది."

"ఫోను తాతబాబుకియ్యి. నానే సెప్తాను."

"ఆడు... తానానికెల్లేడు."

"ఆ సలిలో తానమా? ఇక్కడే సెయ్యమంటే కొట్టుకు సత్తాడు!"

"తొంగున్నాడే. నిజం. పడుకోనీ."

"పట్టపగలు తొంగోడమేటి? రేత్రంతా తోలింది నువ్వూ, నిద్దర ఆడికా?"

"సరే, తర్వాత సేత్తాను..."

"ఫోనెట్టేవంటే సూడు! మావా."

"ఊఁ."

"రేత్రి బండి ఎవుడు తోలేడు?"

"తాతబాబు."

"నువ్వేటి సేసేవ్?"

"పక్కన కూకున్నాను."

"మొన్న?"

"ఆడే."

"సాలూరు ఘాటీ ఎవుడెక్కించేడు? నువ్వు తప్ప ఇంకెవుడూ ఎక్కించలేడని ఊరంతా సెప్పుకుంటావే, ఆ కొండదారి?"

"ఆడేనే! గాజువాక కాడ్నించీ ఆడే! నాను స్టీరింగు ముట్టుకోనేదు. సాలా?"

"ఎందుకు? మళ్ళీ తాగుతన్నావా?"

"తాగినా బాగుణ్ణు. పొద్దున్నకి దిగిపోద్ది."

"సరిగ్గా సెప్పు మావా."

"కళ్ళే. మంచు నేకపోయినా నాకు మంచే. రెణ్ణెల్లయింది. పెద్దాసుపత్రిలో సూపించుకున్నాను. ఆపరేషను సేత్తారంట, సూపొత్తాదో రాదో సెప్పలేమన్నారు. ఓనరుకి తెలిస్తే బండి లాగేసుకుంటాడు. తాతబాబొక్కడికే సెప్పేను. నాను తోల్తాను బావా, నువ్వు పక్కన కూకో అన్నాడు."

"నాకెందుకు సెప్పనేదు?"

"ఎలగ సెప్తానే? నా మొకం సూసి నువ్వేడిస్తే, అది కూడా నాకు కనపడదు కదా."

"నోర్ముయ్."

"ఆణ్ణి దింపమంటే దింపేత్తాను. బండి ఇక్కడే ఉంటాది. నానూ ఇక్కడే ఉంటాను. మరేటి సెయ్యమంటావ్?"

"ఆణ్ణి లేపు. ఫోనియ్యి."

"గౌరీ, ఆణ్ణి తిట్టకే. మూడు రేత్రులై నిద్దర నేదు..."

"ఇయ్యమన్నానా!"

"...అప్పా? నానే, తాతబాబుని. తిట్టేదేదో నన్ను తిట్టు, బావనేటీ అనకు. రైలెక్కమంటావా?"

"దొంగసచ్చినోడా, కాకినాడని సెప్తావా నాకు! ఇంటికి రా, సెప్తాను నీ పని. ఏడవట్లేదురా, జలుబు. ఇనుకో. ధాబా కాడ మీ బావ సెయ్యట్టుకుని రోడ్డు దాటించు. దిగిపోతానని ఎంత గోలెట్టినా దిగనీకు. ఇద్దరూ ఒక్క బండిలోనే రండి."