రోకలి పడేదాక

"అమ్మమ్మా, గ్రహణం విడిచేదాక నేను నిజంగ తినొద్దా?"

ఏందే బిడ్డా, ఆకలైతున్నదా? అయితది మరి, కడుపుల ఒకరున్నరు గదా. మీ అమ్మ వద్దన్నదా? అంటది, అంటది. ఆ దిండు నడుముకు పెట్టుకో, ఓ ముచ్చట చెప్త.

మేమప్పుడు చర్ల అవతల అడివి పక్కన ఉంటిమి. ఖానాపురం హవేలిల ఈ ఇల్లు ఎక్కడిది అప్పుడు! నాకు నీ లెక్కనే ఏడో నెల... కాదు కాదు, ఎనిమిది పడ్డది. పొద్దుగూకంగనే చంద్రగ్రహణం పట్టింది. మా అత్త, అంటే మీ తాత వాళ్లమ్మ, మహా గట్టి మనిషి. కదిలితే కడుపుల బిడ్డకు మొర్రి వస్తదని నన్ను మంచం మీద పండవెట్టింది. నడింట్ల ఇత్తడి పళ్లెంల నీళ్లు వోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపు నిలబడుతది, విడవంగనే పడుతదని నమ్మకం. అది పడేదాక ఇంట్ల ఎవ్వరు ముద్ద ముట్టొద్దు.

పాత రోకలి అడుగు అరిగి గుండ్రంగ ఉండె, కాసేపటికే పడుతుండె. అది విరిగితే ఆ యేడే కొత్తది చేయించిర్రు. కమ్మరాయన అడుగుకు ఇనుప పొన్ను సాపుగ కొట్టిండు, రెండు రూపాయలు తీసుకున్నడు, అప్పుడు రెండు రూపాయలంటే తమాషానా! ఇగ నిలబడ్డది సూడు, గుంజ లెక్క.

చందమామ విడిచిండు. పక్కింటోళ్లు తానాలు చేసి పొయ్యి గూడ ముట్టిచ్చిర్రు, చేపల పులుసు వాసనొస్తున్నది. మా రోకలి పడదే! నాకు కండ్లు తిరుగుతున్నయ్. మీ తాత వచ్చి, "అమ్మా, అది భూమి నీడనే. నీడ తొలిగింది, పిల్లకు అన్నం పెట్టు" అన్నడు.

"నీడే అయితే రోకలెందుకు నిలబడ్డదిరా?" అన్నది మా అత్త.

ఆమె మల్ల నా దిక్కు చూసింది. "బయటికి పోయి సరిగ్గ చూసి రాండ్రి" అని అందర్ని తోలింది. నేను నిద్రవోయిననుకున్నది. మెల్లగ పోయి, కాలి బొటనేలుతోటి రోకల్ని ఇట్ల... ధన్‌మని పడ్డది! నేను నవ్వాగక దుప్పటి నోట్ల కుక్కుకున్న. కాలు తగిలినందుకు రోకల్ని ముట్టి కండ్లకద్దుకున్నది, వాకిలి దిక్కు తిరిగి చందమామకు చెంపలేసుకున్నది. అప్పుడు కేకేసింది, "పడ్డది, జల్దీ రాండ్రి!" అని.

మొదటి ముద్ద తనే కలిపి నా నోట్ల పెట్టింది. అంత భయమున్న మనిషి, నా ఆకలి చూడలేక చందమామనే మోసం చేసింది. ఆమె మీద నాకున్న కోపమంత ఆ ముద్దతోనే పోయింది.

తర్వాత గ్రహణం లేని ఉత్త రోజు ఆ రోకలి నిలబెట్టి చూసిన, నిలబడ్డది! అడుగు సాపుగుంటే ఎప్పుడైనా నిలబడుతది. మనోళ్లు చందమామ మీద బండి దించిర్రని టీవీల చూసి చప్పట్లు గూడ గొట్టిన. పున్నమికి దండం పెడుత, అది మానలే. నాకు రెండూ కావాలె.

ఆ పూట నా కడుపుల ఉన్నది ఎవరనుకున్నవ్? మీ అమ్మనే! మొర్రి లేదు ఏం లేదు, నోరైతే మరీ సక్కగున్నది. ఆ ఆకలి ఆమెదే, ఇయ్యాల నిన్ను తిననియ్యనిది గూడ ఆమెనే.

ఇగో, పెరుగన్నం కలిపిన. నోరు తెరువు. మిద్దె మీదున్న మీ అమ్మ దిగొస్తే నేను మాట్లాడుత. నీ బిడ్డ కడుపు ఎన్నడు ఎండొద్దు తల్లీ... ఇంకో ముద్ద... అవ్, గట్ల తిను...