టర్బో కారు బేరం

ముక్కెందుకు మూసుకుంటవ్ తమ్మీ? చెయ్యి తియ్. వాసనొస్తాందని నాకు ఎర్కలేదా? చాపల వాసన గది. పొద్దుగాల మా ఆయన డిక్కీల ఊదుబత్తీలు ముట్టిచ్చి, సీట్లకు సెంటు గొట్టి మరీ పోయిండు. ఇగ సూడు, చాపలకు పెండ్లి జేసినట్టున్నది లోపట.

పోయేటప్పుడు ఏమన్నడో ఎర్కనా? "ముత్తమ్మా, గుండ్లపోచంపల్లికెళ్లి మల్లేష్ అని ఒక పిలగాడొస్తడు. కారు సూపియ్యి. నోరు మాత్రం జర ఆపుకో. ఏమన్నడిగితే మంచిగున్నది, ఏం ప్రాబ్లెం లేదు అను. పొగొస్తే, పొద్దటి సలికి వస్తదను." మే నెలల సలి! గట్లుంటది మా దేవేందర్ సారు తెలివి.

గాయినెనే ఉండి సూపియ్యొచ్చు గదా అంటవా? ఉండడు. ఎందుకుండడో చెప్తగని, ముందుగాల గా సైడ్ అద్దంల మొకం సూసుకునుడు ఆపు. గా అద్దంల ఎవ్వలు సూసుకున్నా మంచిగనే గనవడ్తరు. అమ్మేటోడు గందుకే తుడిచి ఇస్తడు.

అవునూ, నువ్వేం పని జేస్తవ్? ట్రాలీ ఆటోనా? గా ఏపచెట్టు కాడ నిలవెట్టింది నీదేనా? గోదాములకు సామాన్లు కొడ్తవ్. మంచిగున్నది. టైర్లు కూడ కొత్తగున్నయ్.

ఏందీ? దాన్నమ్మి దీన్ని కొంటవా?

అయ్యో నా కొడుకా! కూసో. గా అరుగు మీద కూసో. ఏం చెప్పొద్దనుకున్న, ఇగ చెప్పకుంటే నాకు బువ్వ దిగదు.

ఎందుకు కొంటున్నవ్? సిగ్గువడకు, చెప్పు. పిల్లనిచ్చేటోళ్ళా? బహదూర్‌పల్లోళ్ళా? "పిలగాడు మంచోడేగని ట్రాలీల వచ్చిండు" అన్నరా? ఎవలన్నరు, పిల్లనే అన్నదా? పిల్ల అనలే. మేనమామ అన్నడు. గాయనకేం కారున్నది? షేర్ ఆటోల తిరుగుతడా! థూ! షేర్ ఆటోల తిరిగేటోడు ఒక్క మాటంటే ట్రాలీ అమ్ముతవా నువ్వు?

నవ్వకు. మా ఆయన గూడ గిట్లనే నవ్విండు.

మాది గీ శామీర్‌పేటనే. చెరువుల వల ఏసుడు మా మామ కాలంకెళ్లి ఉన్నదే. మా ఆయన వల ఏస్తడు, నేను మేడ్చల్ మార్కెట్ల కూసోని అమ్ముత. రవ్వలు, బొచ్చెలు, దొరికిననాడు కొర్రమీను. ట్రాలీ ఉండె మాకు. పొద్దు పొడవకముందే ఐసు డబ్బలు ఏసుకోని పోయేది, పదకొండు కొట్టేవరకు ఇంటికొచ్చేది. వాపస్ వచ్చేటప్పుడు ఎవలిదన్న సిమెంటో, దాణానో కిరాయి దొరికేది. మాకేం తక్కువుండె చెప్పు?

ఫంక్షన్ హాల్‌కు పోయినం ఒకపారి, మేడ్చల్ దిక్కు. మా సెల్లె ఆడిబిడ్డ కొడుకు పెండ్లి. మా ఆయన కొత్త తెల్లంగి తొడిగిండు, నేను పట్టుచీర కట్టిన. ట్రాలీల పోయినం, ఇంకేంట్ల పోతం? గేటు కాడ సెక్యూరిటోడు టార్చిలైటు ఊపుకుంట ఉరికొచ్చిండు. "ఏయ్, ట్రాలీలు ఎనుక గేటుకు పోవాలె. క్యాటరింగ్ సామాను ఆడ దించుండ్రి" అన్నడు. నేను నవ్విన. ఏముంది గండ్ల? మేం పెండ్లికొచ్చినం రా బాబూ అంటే అయిపోతుండె.

గాయన బండి తిప్పిండు. ఎనుక గేటుకే తిప్పిండు. గంజులు తోమేటోళ్ళ నడుమకెళ్లి, చేతుల చదివింపుల కవరు వట్టుకోని పోయినం లోపటికి. బిర్యానీ ముట్టలే గాయన.

గంతే. గా రోజుకెళ్లి కారు పురుగు పట్టింది.

గీడ విల్లాలున్నయ్ సూడు, ఆడికి చాపలేస్తుంటిమి ఆదివారం ఆదివారం. ఆడ సాయినాథ్ సారని ఉండె. కంప్యూటర్ల కొలువు. కరెంటు కారు కొన్నడట, గిది అమ్ముతనన్నడు. మమ్ముల సోఫాల కూసోవెట్టి బిస్కెట్లు వెట్టిండు. చాపలు వట్టుకపోయిన నాడు వాకిట్లనే నిలవెట్టేటోడు, గారోజు సోఫా! నాకు గప్పుడే సమజ్ గావాలె.

"నా బిడ్డ లెక్క సూసుకున్న గీ బండిని" అన్నడు. బిడ్డనైతే అమ్ముతార సారూ అందామనుకున్న, మా ఆయన నా కాలు తొక్కిండు.

ఇగ నడిపి సూసుడు. రాజీవ్ రోడ్డెక్కినం. సారు చెప్పిండు, టర్బో అంటే ఇంజన్ల ఇంకో పంక ఉంటదట. అది గాలిని లోపటికి నూకుతదట, చిన్న ఇంజన్ పెద్దదాని లెక్క గుంజుతదట. మా ఆయన కాలు అదిమిండు. నా ఈపు పోయి సీటుకు అతుక్కున్నది. గాయన మొకం సూడాలె నువ్వు! యాభై ఏండ్ల మొగోడు, జాతరల రంగులరాట్నం ఎక్కిన పోరని లెక్క.

ట్రాలీ అమ్మిండు. నేనేసిన చిట్టి ఎత్తిండు. తెచ్చిండు. కొబ్బరికాయ గొట్టినం.

సారు ఒక్కటి మాత్రం చెప్పిండు, పాపం. "బండి ఆపంగనే ఇంజన్ బంద్ చెయ్యకు దేవేందర్, జరసేపు నడవనియ్యి, టర్బో సల్లవడాలె" అని. ఇగ గాయన వాకిట్ల బండి నిలవెట్టి, దిగకుంట కూసునేది. వాడకట్టోళ్ళందరు సూస్తుండ్రి. మా అత్త సుక్కమ్మ అన్నది, "వాడు దిగుతలేడేందే? లోపట దర్వాజ వట్టిందా?" అని.

రెండు నెలలు మంచిగనే ఉండె, అబద్ధమెందుకు చెప్పాలె. తర్వాత షురూ అయింది. ముందుగాల ఈల. కాలు అదిమినప్పుడల్ల ఊఁ అని సన్నగ ఈల. గాయనేమో, "టర్బో సప్పుడే గది, గట్లనే ఉంటది" అని మురిసిండు. లోపట అరుగుతాంది రా నాయినా, గది ఏడుపు!

గాడికెళ్లి పొగ. నీలి పొగ. పొద్దుగాల స్టార్ట్ జేస్తె గల్లి నిండ. మున్సిపాలిటోళ్ళు దోమల మందు కొడ్తరు సూడు, గట్ల. పోరగాళ్ళు ఎనుక ఉరుకుడు. పక్కింటి సరళ కిటికీలు ఏసుకుంట, "ముత్తక్కా, మీ కారొచ్చినకెళ్లి మాకు దోమలు లేవే" అనుడు. మొకం ఏడ వెట్టుకోవాలె నేను?

పాలు తాగే పిల్లగానికన్న ఎక్కువ ఆయిల్ తాగుడువట్టె. పోసుడు, మళ్ల పోసుడు. షోరూమ్‌కు కొంటవోయినం. ఏసీ రూముల కూసోవెట్టి కాఫీ ఇచ్చిండ్రు. నేను గప్పుడే అనుకున్న. సోఫా ఏసి తాగవెడ్తె మనకు కొంప మునిగినట్టే. టర్బో సీలు పోయింది, పంక వంకరయింది, మొత్తం మార్చాలన్నరు. లక్షా నలభై ఏలట! మా ట్రాలీ పోయిందే లక్షా ఎనభైకి. పంకకు! గాలూదే పంకకు! అందుల గేర్ బాక్స్ గూడ జర్క్ ఇస్తాంది, అది సూస్తె లెక్క ఇంకా ఉంటదన్నడు టై కట్టుకున్న పిలగాడు, నవ్వుకుంట.

ఎందుకు పోయింది అంటె, "వెనుకటి ఓనర్ ఆయిల్ టైంకు మార్చలే, లోపట తారు లెక్క అయింది" అన్నడు. బిడ్డ లెక్క సూసుకున్నడట! బిడ్డకు పాలు పోసినోడైతే గదా.

సారుకు ఫోన్ గొట్టిండు మా ఆయన. "ఉన్నది ఉన్నట్టు అమ్మిన గదా దేవేందర్" అన్నడట. మళ్ల గొడ్తె ఎత్తలే. చాపలు గూడ బంద్ జేసిండు మాతాన.

ఇగ జీడిమెట్ల. ఆడ పర్వతాలని ఒకడు, షెడ్డేసుకోని కూసున్నడు. పేరే పర్వతాలు, పని మాత్రం ఇసుక కుప్ప. "షోరూమోళ్ళు దొంగలు, నేను పాత టర్బో ఏస్త, నలభైల అయిపోతది" అన్నడు. ఏసిండు. నెల గాకముందే మళ్ల ఈల. పోయి అడిగితే, "టర్బో మంచిదే, కాయిల్ పోయింది" అన్నడు. కాయిల్ ఏస్తే ప్లగ్గులన్నడు. ప్లగ్గులేస్తే నీళ్ళ పైపు పలిగిందన్నడు. వానికి ఒక్కొక్క సామాను పేరు నేర్పుతందుకు మేం ఫీజు కట్టినం.

మరి చాపలెట్ల పోవాలె? ట్రాలీ లేకపాయె. షేర్ ఆటోల గంప వెట్టనియ్యరు. ఏం జేస్తం, గీ కారు డిక్కీలనే ఏసినం. మా చాపలకు ఏసీ! ఐసు నీళ్ళు కారి, కింద వైర్లు నాని, మీటర్ల లైట్లన్నీ బతుకమ్మ లెక్క ఎలుగుడువట్టె. గందుకే గీ వాసన. ఎంత కడిగినా పోదు తమ్మీ, పోదు.

గది గూడ సైసిన నేను. ఒక్కరోజు మాత్రం...

పొద్దుగాల పోతున్నం, మేడ్చల్ రోడ్డుకు. డిక్కీ నిండింది, ఎనుక సీట్ల రెండు డబ్బలు, నా ఒళ్ళె ఇంకోటి. ముందట కంటైనర్. మెల్లగ పోతాంది. మా ఆయన దాటుతందుకు పక్కకు తీసిండు, కాలు అదిమిండు. సగం దాటినంక బండి గుంజుడు బంద్ వెట్టింది. ఆగిపోలే, ఆగిపోయినా బాగుండు. నడుస్తాంది, గని బలం లేదు. ముసలెద్దు లెక్క. అదుముతనే ఉన్నడు, బండి పోతలేదు. ముందటికెళ్లి టిప్పర్. లైట్లు గొట్టుకుంట, హారన్ గొట్టుకుంట మీదికొస్తాంది.

నేను ఒళ్ళె డబ్బ మీదికి ఒంగిన.

కంటైనరోడు మంచోడు, బ్రేక్ గొట్టిండు. మా ఆయన దాని ముందటికెళ్లి ఎడమకు తిప్పిండు. కారు పోయి మట్టిల వడ్డది. డబ్బ ఒరిగి చాపలన్నీ నా మీద. ఒక రవ్వ పానంతోటే ఉండె, నా ఒళ్ళె ఎగురుతాంది. దాన్ని వట్టుకోని కూసున్న, ఎందుకో తెల్వదు, గట్టిగ వట్టుకున్న.

గాయన దిగి రోడ్డు పక్కపొంటి కూలవడ్డడు. "ట్రాలీ అయితే ఎనుకనే మెల్లగ పోతుంటిమి గదనే" అన్నడు. ఇరవై ఆరేండ్ల కాపురంల గాయన ఏడ్సుడు గప్పుడే సూసిన. నాకు కోపం గూడ రాలే. ముందుగాల రాలే. ఇంటికొచ్చినంక వచ్చింది, ఇప్పటిదాక పోలే.

అగో, గందుకే గాయన గీడ లేడు. డ్యూటీకి పోయిండు. ఏం డ్యూటీ అంటవా? ట్రాలీ నడుపుతందుకు. మా ట్రాలీనే! మేం అమ్మిందే. మేడ్చల్‌ల ఐసు అమ్మే అమ్మాజీ కొన్నది దాన్ని. డ్రైవర్ కావాలంటె గీయినెనే పోయిండు. తన బండి తాళం పొద్దుగాల ఆమె చేతులకెళ్లి తీసుకుంటడు, మాపటికి ఆమె చేతుల వెడ్తడు. నడుమ మా చాపలు గూడ గండ్లనే పోతయ్, కిరాయికి. మా బండికి మేం కిరాయిస్తున్నం! సెక్యూరిటోడు అన్న ఒక్క మాటకు.

ఇప్పుడు చెప్పు. కొంటవా?

ఏందీ? "మంచిగ రిపేర్ జేపిస్తే నడుస్తది గదక్కా" అంటవా? గింత చెప్పినంక?

స్టార్ట్ జేస్తవా? చెయ్. జెయ్ జెయ్. బేరం నీది, పానం నీది.

సూడు, ఎట్ల మెత్తగ స్టార్ట్ అయిందో! పొగ గూడ వస్తలేదు సిగ్గులేనిది. ఇయ్యాల గిది నన్ను అబద్ధాలదాన్ని జేస్తాంది. నీ మొకం సూడు ఎట్లయిందో. ఎక్కంగనే మీ మొగోళ్ళ మొకాలన్నీ ఒక్కతీరు అయితయ్. నేనెందుకు గింతసేపు నోరు నొప్పి జేసుకున్న?

బంద్ జెయ్ ఇగ. ఒక మాట చెప్త ఇను. కోపం జేసుకోకు.

నువ్వొచ్చినకెళ్లి నేను కారు దిక్కు సూస్తలేను. నీ ట్రాలీ దిక్కే సూస్తున్న. మాట్లాడుకుంటనే డబ్బలెన్ని పడ్తయో లెక్కవెట్టుకున్న మనసుల. వద్దు తమ్మీ వద్దు తమ్మీ అని నోరంటాంది, లోపటేమో, వీడు మాట ఇనకుంటె బాగుండు అని ఇంకోటి అంటాంది. రెండూ నేనే. ఏం జేయాలె?

నీకెట్లైనా ట్రాలీ అమ్ముడే గదా? ఎవలకో ఎందుకు, మాకియ్యి. కారు తీస్కపో. మీద పైసలెంతనో మా ఆయన అడుగుతడు, నేనడుగ. అడిగే మొకం లేదు. కొనొద్దని చెప్పిన గదా. చెప్పిన గదా నీకు? రేపు ఎవలన్న అడిగితే ముత్తక్క చెప్పింది అను.

ఏంది, ఫోటోనా? పిల్ల తరపోళ్ళకు పంపుతవా? ఇటియ్యి ఫోన్. గా బానెట్ మీద చెయ్యేసి నిలవడు. గట్ల కాదు, జర ఎడమకు. గల్ల సక్కగ జేసుకో. నవ్వు.

ఆఁ, వచ్చింది. దొరబాబు లెక్కున్నవ్, పో.