వరదలో వేసిన పటం

సూడాన్‌లో నైలు ఒడ్డున చిక్కుళ్లు కోస్తున్న అవ్వ, సర్వేయరు పరిచిన పటం మీదికి వంగింది.

“మా చేలేవయ్యా ఇందులో?”

“ఇక్కడ నదే ఉంది, చేలు లేవవ్వా.”

“ఏ నెలలో కొలిచారు?”

“ఆగస్టులో.”

“వరదలో వచ్చి కొలిస్తే నీళ్లు కాక ఏముంటాయి? మరి ఇప్పుడు నువ్వు నిలబడింది దేనిమీద?”

అతను తన బూట్లకు అంటిన ఒండ్రుమట్టిని చూసుకున్నాడు.

“పొరపాటే. మళ్లీ రాయాలి. ఎవరి చేను ఎంతో చూపే కాగితాలున్నాయా?”

“కాగితాలెందుకు? ఏటా నది మా చేల గట్లు చెరిపేస్తుంది, ఏటా మేం తాడేసి పంచుకుంటాం. ఇదిగో, మా అమ్మ పేనిన తాడు. నలభై ఇళ్లకీ ఇదే కొలత. ఇంతవరకూ ఒక్క తగవు రాలేదు.”

“అయితే మీరు చెప్పండవ్వా, నేను రాసుకుంటాను.”

“రాయడం తర్వాత. ముందు ఆ కొస పట్టుకో, కొలవడం నేర్పుతాను.”