విప్పిన కొప్పు

కృష్ణపట్నానికి ఇవతల, సముద్రం ఒడ్డు పాలెం. పొద్దున్నే ఇల్లు చేరిన కిషోర్‌కి భార్య వనజాక్షి జుట్టు విరబోసుకుని కనబడింది. ఇంకేముంది, గడపలోనే నిలదీశాడు.

“ఏంది ఆ జుట్టు? కొప్పు ఎప్పుడు విప్పినావు?”

“ఇందాక.”

“ఇందాకంటే? నేను వచ్చినాకా, రాకముందా?”

“తలనొప్పి మామా. పోయినేడు తుపాన్లో నీ పడవ తిరగబడిన కాడి నించి ఉండేదే కదా. నుదురు చుట్టూ తాడేసి బిగించినట్టు.”

“నొప్పి సంగతి నాకు తెలుసు. మగోడు నీళ్ల మీదుంటే ఆడది కొప్పు విప్పకూడదని నీకు తెలుసా లేదా?”

“తెలుసు.”

“మా నాయన ఒడ్డు చేరేదాకా మా అమ్మ దువ్వెన ముట్టుకునేది కాదు.”

“అత్త చెప్పింది. శానా సార్లు చెప్పింది.”

“మరి?”

“బిగించి కట్టుకుంటే నొప్పి ఎక్కువవతాదంట. ఎస్తేరమ్మక్క చెప్పింది.”

“ఆ ఆశా వర్కరా. ఆమెకేం తెలుసు మన ఇంటి కట్టు?”

“డాక్టరుదీ అదే మాట. లోపల గడ్డలేం లేవు, దిగులుతో మెడ నరాలు బిగుసుకుంటున్నాయన్నాడు. మెడకి వేడి గుడ్డ పెట్టుకోమన్నాడు, వేళకి పడుకోమన్నాడు, మాత్రలు ఊరికే మింగొద్దన్నాడు. జుట్టు వదులుగా వేసుకోమన్నాడు.”

“దిగులా. నీకేం దిగులు?”

“నువ్వడగతావా ఆ మాట?”

“అడగతా. రాత్రంతా వల కాడ చచ్చేది నేను.”

“రాత్రంతా ఇంటికప్పు చూస్తా పడుకునేదాన్ని. గాలి తిరిగితే లేచి కూసునేదాన్ని.”

“పడుకునేదాన్ని, కూసునేదాన్ని. అంటే ఇప్పుడు లేదా?”

“తగ్గింది.”

“ఎట్టా తగ్గింది?”

“తగ్గిందిలే. నీళ్లు తోడినా, పోసుకో.”

“మాట మార్చబాక. పక్కింటి అబిగయీలు అంతా చెప్పింది. నేను ఇట్టా పోంగానే కొప్పు విప్పి, తలకి నూనె పెట్టుకుని, హాయిగా నిద్రపోతున్నావంట.”

“నిద్ర పడతా ఉంది. అదీ తప్పేనా?”

“మొగుడు సముద్రంలో ఉంటే దిగుల్లేకుండా నిద్రపోయే ఆడదాన్ని ఏమనుకోవాల? నేను తిరిగి రాకపోతే బాగుండుననే కదా?”

“ఆ మాట అనబాక మామా.”

“అంటా. ఎవురుండారు నీకు?”

“ఎవురూ లేరు. నోరు అదుపులో పెట్టుకో.”

“అయితే చెప్పు. అమ్మా... అమ్మా, ఇట్రా ఒకసారి. నీ కోడలి నిర్వాకం చూద్దువు.”

“అత్తని ఎందుకు పిలస్తావు? మనలో మనం...”

“పెద్దాళ్లందరినీ పిలస్తా. ఎవురా డాక్టరు? నాకు చెప్పకుండా యాడ చూపించుకున్నావు?”

“ఎస్తేరమ్మక్క తీసకపోయింది. ఉచిత క్యాంపు పెట్టినారు.”

“యాడ?”

“వద్దులే మామా.”

“యాడ మే?”

“కృష్ణపట్నంలో.”

“కృష్ణపట్నంలోనా?”

“ఆ.”

“ఏ దోవన పోయినారు?”

“గోడౌన్ల దోవన, ఆటోలో. తిరిగొచ్చేటప్పటికి పొద్దు గుంకింది. ఆ పూట నువ్వు వేటకి పోయినావు.”

“వేటకే, వేటకే పోయినా. ఆ దోవలో... ఎవురన్నా కనబడినారా?”

“కనబడినారని నేను చెప్పినానా?”

“లేదు, ఊరికే అడిగినా. సరే, వదిలెయ్. కొప్పు కట్టుకో. అమ్మకి నేనేదో ఒకటి చెప్తాలే.”

“ఇప్పుడు మళ్లీ కట్టుకోవాల్నా? ఎందుకు?”

“ఎందుకేంది. పడవ...”

“నీ పడవ ఇప్పుడు పెంచలకృష్ణన్న తోలతా ఉండాడు. నీళ్లకి జడిసినాడంటే పాలెమంతా నవ్వతాదని నువ్వు నోరెత్తలేదు. నువ్వు సిగ్గుపడతావని నేను ఎత్తలేదు. గోడౌను గేటు కాడ నిన్ను చూసినానే, ఆ రాత్రే మామా నా నొప్పి పోయింది.”

“వనజా...”

“అత్త వస్తా ఉంది. ఆ వాచ్‌మెన్ చొక్కా సంచిలోంచి తీసి ఇటియ్యి, ఉతికి లోపల ఆరేస్తా.”