కన్నీటి మీద తేలిన అద్దం

"తాతా, రేపు నాకు కంట్ల అద్దం పెట్టి చూస్తరంట. కంటి మీదికి వేలు వస్తుంటే ఎట్ల ఊకుంటరు? నీకు మొదటిసారి ఎట్లుండె?"

ఎట్లుండెనా? కూర్చో శ్రావణీ, చెబుతాను. ఆ ఫోనులో నా మాట పట్టుకుంటున్నావా? పట్టుకో. మీ నాయనమ్మ వంటింట్లో ఉన్నది కదా? వింటే నా కథను నడుమ తెంపి తన కథను ముడివేస్తుంది.

నీ సంగతి వేరమ్మా. నీవి దూరం ఆనని కళ్లు. కళ్లజోడు బదులు కంట్లోనే పెట్టుకునే అద్దం కోరుకున్నావు. నా ఎడమకన్ను అట్లా కాదు. అది యాభై ఏండ్లు నిద్రపోయింది. నిద్ర అన్నానా? కాదు, తప్పు. కలగన్నది. కుడికన్ను మూసి చూస్తే లోకమంతా నీలిమంచులో మునిగి ఉండేది. దీపం వెలిగిస్తే దీపం కనబడదు. వేయి రేకుల పద్మమొకటి గాలిలో విచ్చుకునేది. మనిషి నడిచి వస్తే మనిషి కాదు, రంగు నడిచి వచ్చేది. మీ నాయనమ్మ నాకు ఆ కంటిలో ఎప్పుడూ ఎర్రని ఛాయ ఒకటి, అంతే. జూరాల ఆనకట్ట నీళ్ల మీద పొద్దుగూకుతుంటే ఎప్పుడైనా ఒంటికంటితో చూసినావా? ఏది నీరో ఏది ఆకాశమో తెలియదు చూడు, అట్లా.

దెబ్బ తగిలింది గద్వాలలోనే, మన పాత ఇంటి మగ్గం మీద. అప్పుడు నాకు ఇరవై రెండు, మీ నాయనమ్మకు పందొమ్మిది. పెండ్లయి ఏడాది కాలేదు. పగలు నేత, సాయంత్రం గురువుగారి దగ్గర పద్యం. అదీ నా చదువు. ఆయన ఇల్లు కోట వెనుక సందులో... సరే, అక్కడికి పోతే తిరిగి రాను. గద్వాల చీర సంగతి నీకు తెలిసిందే గదా: ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ పోగు పోగుకూ కలపాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నేను కుడివైపు, ఆమె ఎడమవైపు. పేక నూలు చుట్టిన నాడె ఆమె విసరాలి, నేను అందుకోవాలి. కొమ్ముతో చేసిన నాడె అది, రెండు కొసలూ మొనదేలి ఉండేవి.

మా ఇద్దరి నడుమ ఒక మాట ఉండేది. నాడె విసిరేముందు ఆమె "వస్తుంది" అనాలి. నేను "రానీ" అనాలి. అప్పుడే విసరాలి. రోజుకు ఎన్ని వందలసార్లు అనుకునేవాళ్లమో! పక్కింటి మా చిన్నత్త, గట్టి నోరు ఆమెది, "ఈళ్లకు ముచ్చట్లు గీ రెండే వచ్చునేమో" అని నవ్వేది.

ఒకనాడు నా మొగం పడుగు మీదికి వంగి ఉన్నది. తెగిన పోగు వెతుకుతున్నాను. మనసు మాత్రం పద్యంలో ఉన్నది. నాడె వచ్చింది. ఎడమకంటికి తగిలింది. రక్తం కొంచెమే. కానీ నెల తిరిగేసరికి కంటిలోపలి పొర పాలవలె తెల్లబారిపోయింది. కర్నూలు పెద్ద దవాఖానకు పోతే ఆ పొరను తీసివేసినారు. దాని స్థానంలో లోపల మరొకటి అమర్చే విద్య అప్పటికి మన దాకా రాలేదు. కళ్లజోడులో ఒక్క కంటికి దళసరి అద్దం పెడితే ఒకే వస్తువు ఒక కంటికి చిన్నగా, ఒక కంటికి పెద్దగా కనబడి తల తిరిగేది. ఇక వదిలేసినాను.

మీ నాయనమ్మ మాత్రం వదలలేదు. నా జవాబు వినకముందే తాను నాడె విసిరిందని నమ్మింది. ఆ రోజే మగ్గం గుంటలో నుంచి కాలు పైకి తీసింది. మళ్లీ పెట్టలేదు. ఆమె అంచు కలిపితే చీరకు ఏది పైవైపో ఏది లోవైపో గద్వాల బజారులో ఎవరూ పోల్చలేకపోయేవారు. అటువంటి చేయి అది! ఆ చేయి చపాతీలు చేసింది, బట్టలు ఉతికింది, నాకు పుస్తకాలు మోసింది. మగ్గం జోలికి పోలేదు. నేను తెలుగు పండితుడనై అమరచింతలో, ఇటిక్యాలలో బళ్లు మారుతూ బతికినాను. ఒక్క కన్ను చాలింది.

రెండేండ్ల కింద ఆ ఒక్క కన్నే మసకబారింది. అక్షరాల నడుమ చీకటి మచ్చ. పద్యానికి నడిమి మాట మాయమయ్యేది. ఒకనాడు పుస్తకం మూసి ఊరికే కూర్చున్నాను. చదువు లేని పొద్దు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. అప్పుడు పాలమూరు కంటి దవాఖానలో డాక్టరమ్మ, నీకన్న అయిదారేండ్లు పెద్దది కావచ్చు, రెండు కళ్లూ చూసి అన్నది: "తాతగారూ, కుడికంటికి చేసేది తక్కువ. ఎడమకన్ను బాగుంది. మళ్లీ కోత వద్దు. నల్లగుడ్డు మీద అద్దం పెట్టి చూద్దాం."

అదీ అసలు సంగతి. నువ్వడిగినది అదే కదా?

మొదటి అద్దం పెట్టింది. జారి ఒక పక్కకు పోయింది. రెండవది బిగువుగా పట్టుకున్నది. మూడవది పెట్టి, నారింజరంగు మందొకటి కంటికి అంటించి, నీలి వెలుగులో చూసింది. మీ నాయనమ్మను కూడ పిలిచి చూడమన్నది. "ఓయమ్మ, కంట్ల ఆకుపచ్చ చెరువున్నట్టుంది గదనే!" అన్నది మీ నాయనమ్మ. డాక్టరమ్మ నవ్వి, "అద్దం గుడ్డుకు అంటుకోకూడదు అవ్వా, కన్నీటి మీద తేలాలి. రెప్ప కొట్టినప్పుడు జర కదలాలి" అన్నది. పడుగు కూడ అంతే కదా, బిగిస్తే తెగుతుంది, వదిలితే చిక్కుపడుతుంది. ఆ మాట చెబితే డాక్టరమ్మకు అర్థం కాలేదు. మీ నాయనమ్మ తల ఊపింది.

తరువాత మంచు విడిచింది శ్రావణీ. ఒక్క రెప్పపాటులో. గోడమీద అక్షరాలు నిలబడినాయి. నేను అక్షరాలు చదవలేదు, పక్కకు తిరిగినాను. ఆ కన్ను ఆమెను కడసారి చూసినది పందొమ్మిదేండ్ల పిల్లగా. ఆ పిల్ల మగ్గం దగ్గర లేచి, ఒక్క అడుగులో యాభై ఏండ్లు దాటి వచ్చి, నరిసిన తలతో నా ముందు నిలబడినట్లు ఉండెను. "అగపడుతున్ననా? ముసల్దాన్నైన గదా?" అన్నది. "ఒళ్లు కొంచెం నలిగింది, అంచు చెదరలేదు" అన్నాను. సిగ్గుపడి కొంగు మొగానికి అడ్డం పెట్టుకున్నది, డాక్టరమ్మ ముందే.

ఇంట్లో అద్దం పెట్టే పని ఆమెదే అయింది. నా చేయి వణుకుతుంది. ఆమె వేలు పట్టుపోగును పట్టిన వేలు. సబ్బుతో కడుక్కోవాలి, ఆరబెట్టుకోవాలి, సీసాలోని మందునీరే వాడాలి. డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. పది రోజులు బాగానే సాగింది. పదకొండవ నాడు అద్దం జారి నా పంచె మీద పడింది. ఆమె తీసింది, నాలుక కొనకు తాకించింది, కంట్లో పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. తప్పని ఇద్దరికీ తోచలేదు. తెగిన పోగును నాలుకతో తడిపి పురిపెట్టి అతకడం మా ఇండ్లలో ఉగ్గుపాలతో వచ్చిన పని. యాభై ఏండ్లు మగ్గం ముట్టకపోయినా చేయి దాన్ని మరువలేదు.

ఆ తరువాత మూడవ నాటికి కన్ను నిప్పు. పరేషానై పాలమూరుకు పోయినాము. "నోట్లో ఎన్ని క్రిములుంటాయి అవ్వా! ఇంకో రెండు రోజులు ఆగితే కన్నే పోయేది" అని డాక్టరమ్మ కోపపడింది. గంట గంటకూ చుక్కలు. నెల పట్టింది. కన్ను దక్కింది, కొత్త అద్దం ఇచ్చినారు. కానీ అది డబ్బీలోనే ఉండిపోయింది. మీ నాయనమ్మ ముట్టలేదు. "రెండుసార్లు నా చేతనే పాయె. నేను పెట్ట. ఎవరినన్న పిలుచుకో" అన్నది. నా చేతికి చేతకాదు. నేను మళ్లీ మంచులోకి పోయినాను.

ఆ మంచులో కూర్చుని ఉండగా, ఆ ఎర్రని ఛాయ మూలన కూర్చుని ఏడుస్తున్నదని చప్పుడు వల్ల తెలిసింది. అప్పుడు చెప్పినాను. ఏమని? ఆనాడు నేను "రానీ" అన్నాను తల్లీ. పద్యం ధ్యాసలో, మొగం వంచి ఉండి కూడ, అలవాటు కొద్దీ "రానీ" అన్నాను. ఆమె విన్నాకనే విసిరింది. దెబ్బ చూసిన భయంలో ఆ మాట మరిచి, తప్పు తనదే అనుకున్నది. నేను దిద్దలేదు. మొదట నొప్పి, తరువాత అభిమానం, ఆ తరువాత... ఇంకెందుకులే అనిపించింది. పిల్లల వ్యాకరణం దిద్దినాను గానీ, ఇంట్లో ఆ ఒక్క తప్పు యాభై ఏండ్లు దిద్దలేదు.

ఆమె ఏడుపు ఆగింది. అప్పుడు అన్నది: "కన్ను నీది పాయె. చేయి నాది పాయె. నీ కంటికి డాక్టరమ్మ ఉన్నది. నా చేతికెవరున్నరయ్యా?"

 

నాలుగు నాళ్లు అన్నం పెట్టేది, గిన్నె చప్పుడుతో కోపం చెప్పేది. అయిదవ పొద్దున సబ్బు వాసన వచ్చింది. ఎర్రని ఛాయ దగ్గరికి వచ్చింది. చల్లని వేలొకటి నా కింది రెప్పను పట్టింది. యాభై ఏండ్ల తరువాత ఆ మాట విన్నాను: "వస్తుంది."

ఈసారి తల వంచలేదు. పద్యం లేదు. కన్ను తెరిచి, ఆమె వైపే చూస్తూ అన్నాను: "రానీ."

ఇప్పుడు సాయంత్రాలు గంటసేపు పక్కింటి మగ్గం మీద కూర్చుంటుంది. అక్కడి పిల్లకు అంచు కలపడం నేర్పుతుంది. నన్ను క్షమించిందా అంటావా? తెలియదు. 

నువ్వు రేపు భయపడకు. కంటి ముందు వచ్చే వేలిని చూడకు, ఆ వేలు వెనుక ఉన్న మనిషిని చూడు. నీ చూపు నిండు చెరువులో వెన్నెలవలె చల్లగా నిలిచి ఉండాలె తల్లీ. నీవల్ల ఎవరి చేయీ పనికి దూరం కాకుండా ఉండాలె...

"ముసలాయనా! పిల్లకు ఏం నూరిపోస్తున్నవ్? చేతులు కడిగిన. అద్దం తీసే యాళ్లయింది. మొగం ఎత్తు."

ఎత్తినాను, ఎత్తినాను. జర జరుగు శ్రావణీ, మీ నాయనమ్మకు వెలుతురుకు అడ్డమున్నావు.