బండి వాటా కల్లు

ఆ బ్యాటరీ మైనస్ తీగ ముందు ఊడదియ్యి అబ్బాయ్, తొందరేం లేదు. అబ్బ, ఎంత తుప్పు! దీన్ని చూస్తే నాకు తక్ దొక్‌బే గుర్తొస్తాడు. నువ్వు పుట్టలేదులే అప్పటికి. మన జుముంజిన్ రేవులో చేపలు తోలేవాడు, ఓ ముసలి ట్రక్కు ఉండేది వాడికి. సముద్రపు గాలి ఎలాగూ తీగల కొసల్ని తినేస్తుందా, మిగిలింది వాడి భక్తి తినేసేది. బండి కొన్నప్పుడు ఎవరైనా కోసా పూజ చేస్తారు కదా, పంది తలకాయ పెట్టి, దండాలు పెట్టి, దారం చుట్టిన ఎండుచేప కట్టి, చక్రాల మీద కాస్త బియ్యపు కల్లు చల్లుతారు. అంతటితో సరి. వీడు నెలనెలా చేసేవాడు. పైగా చక్రాల మీద పోస్తే దేవతలకి అందదట, బానెట్ ఎత్తి నేరుగా బ్యాటరీ నెత్తిన కుమ్మరించేవాడు. వద్దురా అంటే, "గుండెకాయ ఇక్కడుంటే కాళ్లు కడగమంటావేంట్రా" అని నన్నే తిట్టేవాడు. ఇంకేముంది, కొసలన్నీ పచ్చగా పొంగి బండి మొరాయించేది. నా షెడ్డుకి తోసుకొచ్చేవాళ్లు. నేను వేన్నీళ్లలో తినే సోడా కలిపి పోసి, బుసబుసా పొంగిందంతా బ్రష్షుతో రుద్ది, గరుకు కాగితం పట్టి, ఆరబెట్టి, గ్రీజు రాసి బిగిస్తే లేచేది. వాడు వెంటనే దండం పెట్టేవాడు. నాక్కాదు, ఆ ఎండుచేపకి! ఒళ్లు మండేది నాకు.

వాడి పెళ్లాం బున్‌రే... నవ్వితే కళ్లు మూసుకుపోయేవి ఆవిడకి, మంచి మనిషి. అమ్మా, నువ్వైనా ఆపమ్మా అన్నాను ఒకసారి. "ఆయన్ని ఆపడం నా వల్ల కాదన్నా. కల్లు పోసిచ్చేది మాత్రం నేనే కదా" అంది. దేవతలది, మనుషులది కలపకూడదని మొగుణ్ణి నమ్మించి రెండు సత్తు కెటిళ్లు పెట్టింది. మనుషుల కెటిల్లో కల్లు, బండి కెటిల్లో బియ్యం కడిగిన నీళ్లు. చూడ్డానికి రెండూ ఒకటే తెలుపాయె. ఇక ట్రక్కు నా మొహం చూళ్లేదు. వీడేమో, చూశారా నా భక్తి, అని రేవంతా చాటింపు.

ఆ ఏడు చేపల సంఘంవాళ్లు ఐసు సరుకు మోసే పని ఒక్క బండికే ఇస్తామన్నారు. అది రాకపోతే దొక్‌బే ట్రక్కు అమ్ముకోవాల్సిందే. వీడు ఊరుకుంటాడా, సంఘం పెద్దని పిలిచి, పంది తలకాయ నవ్వుమొహంది ఏరి తెచ్చి, రేవులో అందరి ముందు కోసా పెట్టాడు. ఆ హడావుడిలో కెటిళ్లు తారుమారు చేశాడు. కల్లంతా బ్యాటరీ మీద పోసి, పూజ చేసినవాడే ముందు తాగాలి కదా, గిన్నె నింపుకుని ఒక్క గుక్క వేశాడు. నేను పక్కనే ఉన్నాను. నోట్లోకి వచ్చింది కడుగునీళ్లాయె, మొహం అలా ఆగిపోయింది. పెళ్లాం వైపు చూశాడు, ఆవిడేమో చేటంత మొహం చేసుకుని పెద్దాయన భార్యతో మాట్లాడుతోంది. నోరు తెరిచాడా, ఆవిడ పరువు, వీడి గొప్పలు, ఆ పని, అన్నీ అక్కడే గంగపాలు. ఏం చేశాడంటావ్? గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగాడు. మూతి తుడుచుకుని, "భలే ఉంది" అన్నాడు. తూలినట్టు నటించి కెటిల్ని కాలితో తన్నేశాడు. అయ్యో, పెద్దాయనకి కొత్తది పట్రండి అని కేకలు.

పని వాడికే వచ్చింది. మర్నాడు పొద్దున్నే సోడా పొట్లం పట్టుకుని నా షెడ్డు ముందు నిలబడ్డాడు, సరుకెత్తే వేళకి బండి లేవాలి కదా. నేను రుద్దుతుంటే తనే నీళ్లు పోశాడు. చేప వైపు చూళ్లేదు. చివరికి, "నాకు తెలిసిందని బున్‌రేకి చెప్పకురా, బాధపడుతుంది" అన్నాడు. అంతే. ఆ తర్వాత కూడా నెలనెలా బండి కెటిల్ అడిగి మరీ తీసుకునేవాడు, కడుగునీళ్లు పోసి మోకాళ్ల మీద వంగి దండాలు పెట్టేవాడు. ఆవిడ తలుపు దగ్గర నిలబడి కళ్లు మూసుకుపోయేలా నవ్వుకునేది.

వాడు పోయాక ట్రక్కు అమ్మేస్తూ నాతో అంది, "పిచ్చి మనిషన్నా, చివరిదాకా కనిపెట్టలేకపోయాడు" అని.

అవునమ్మా, కనిపెట్టలేదు, అన్నాను.

... పద, భోజనాల వేళైంది.